చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంది, పొల్యూషన్ టెస్ట్ మాత్రం పాసైంది: పాత కారులో అసలేం జరుగుతోంది?

నిరుడు ఒక 2013 మోడల్ పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చూడ్డానికి వెళ్లిన రోజు మీటర్ బోర్డు మీద ఒక్క లైటు కూడా లేదు. నాలుగో రోజు మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్తుంటే అమీర్‌పేట దాటాక పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది, శబ్దం లేదు, పొగ లేదు. ఆ వారంలో ముగ్గురు మెకానిక్‌లకు చూపిస్తే మూడు జవాబులు వచ్చాయి. ఒకాయన ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు, ఇంకొకాయన సైలెన్సర్‌లో కాట్‌కాన్ (పొగను శుభ్రం చేసే భాగం) పోయింది, మొత్తం మార్చాలి అన్నాడు, మూడో ఆయన "ఏం కాదు సార్, కోడ్ కొట్టేస్తా, వెళ్లిపోండి" అన్నాడు. అదే వారం పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోతే టెస్ట్‌కి తీసుకెళ్లాను. పాసైపోయింది.

బండి పొగ విషయంలో తప్పు ఉందని బండే చెబుతుంటే, పొగ కొలిచే మిషన్ బాగానే ఉందంటోంది. ఏది నిజం? రెండూ నిజమే. ఎందుకో అర్థం కావాలంటే ఆ లైటు ఏం చూస్తుంది, ఆ టెస్ట్ ఏం చూస్తుంది, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో వచ్చే కోడ్ అంటే ఏమిటి అన్న మూడింటినీ విడదీసి చూడాలి. దీని మీద ఇప్పుడు ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గొడవ కూడా వచ్చి కలిసింది. పాత బండ్లలో ఏ లైటు వెలిగినా ఇథనాల్ వల్లే అనేవాళ్లు ఒకవైపు, దానికీ దీనికీ సంబంధమే లేదనేవాళ్లు ఇంకోవైపు. దాని సంగతీ చూద్దాం.

లైటు దేని కోసం పెట్టారు

చాలామంది అది ఇంజిన్ ఆరోగ్యం చెప్పే లైటు అనుకుంటారు. కాదు. ఆయిల్ ప్రెషర్ పడిపోతే దానికి వేరే ఎర్ర లైటు ఉంది, ఇంజిన్ వేడెక్కితే చెప్పేదీ వేరే. చెక్ ఇంజిన్ లైటును చట్టం పెట్టించింది ముఖ్యంగా పొగలో వెళ్లే విషవాయువులు పెరిగే ప్రమాదం ఉన్నప్పుడు చెప్పడానికి. ఆ పని చేసే ఏర్పాటు పేరు ఓబీడీ, అంటే బండి తనను తాను పరీక్షించుకునే పద్ధతి. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి రెండో తరం ఓబీడీ తప్పనిసరి అయింది. మన దగ్గర 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 పొగ ప్రమాణాలు వచ్చినప్పుడు మొదటి దశ ఓబీడీ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి.

సెకండ్ హ్యాండ్ కారు విషయంలో ఈ మూడేళ్ల తేడా పెద్ద తేడానే. మొదటి దశ ఎక్కువగా వైర్ తెగిందా, షార్ట్ అయిందా, సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తోందా అని మాత్రమే చూసేది. రెండో దశ ఒక మెట్టు పైకెళ్లింది: కాట్‌కాన్ తన పని చేస్తోందా, ఏ సిలిండర్‌లోనైనా మంట పడకుండా పోతోందా, ఆక్సిజన్ సెన్సర్ మందగించిందా అని పనితీరును కూడా చూస్తుంది. కాబట్టి 2011 కారులో లైటు లేదంటే కాట్‌కాన్ బాగుందని అర్థం కాకపోవచ్చు, ఆ బండికి దాన్ని కొలిచే తెలివే లేకపోయి ఉండొచ్చు.

లైటు ఒక్కసారి తేడా కనబడగానే వెలగదు. ఎక్కువ తప్పుల విషయంలో బండిలోని కంప్యూటర్ మొదటిసారి చూసి లోపల రాసుకుంటుంది, తర్వాతి ప్రయాణంలో మళ్లీ కనబడితే అప్పుడు వెలిగిస్తుంది. ఆ తర్వాత వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనబడకపోతే తానే ఆర్పేస్తుంది, కోడ్ మాత్రం ఇంజిన్ 40 సార్లు వేడెక్కి చల్లారేదాకా లోపల ఉంటుంది. లైటు వచ్చి పోతుంటే అది మొరాయించడం కాదు, ఆ తప్పు కొన్ని పరిస్థితుల్లోనే వస్తోందన్నమాట. లైటు మిణుకు మిణుకుమంటే కథ వేరు, దాని గురించి కింద చెప్తాను.

పొల్యూషన్ టెస్ట్ ఎందుకు పాసైంది

మన పొల్యూషన్ టెస్ట్‌లో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, బండి నిలబడి ఉండగా వచ్చే పొగను కొలుస్తారు. బీఎస్-4 పెట్రోల్ కారైతే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఇంజిన్‌ను 2500 ఆర్పీఎం దాకా రేజ్ చేసి ఇంకో కొలత కూడా ఉంటుంది. బీఎస్-3 బండికి ఇవే హద్దులు 0.5 శాతం, 750 పీపీఎం. అంతే. టెస్ట్ చేసే కుర్రాడు డ్యాష్‌బోర్డు కింద ఉన్న ఓబీడీ పోర్టుకి ఏదీ తగిలించడు, లైటు వెలుగుతోందా అన్నది ఆ కొలతలో లెక్కే కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ ఓబీడీనే చదువుతారు, లైటు ఉంటే బండి ఫెయిల్. అందుకే అక్కడివాళ్ల వీడియోలు చూసి "లైటు ఉంటే సర్టిఫికెట్ రాదు" అని మనవాళ్లు టెన్షన్ పడుతుంటారు.

ఒక ఉదాహరణ చూడండి. ఆక్సిజన్ సెన్సర్ లోపల చిన్న హీటర్ ఉంటుంది, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు సెన్సర్‌ను త్వరగా వేడి చేయడానికి. ఆ హీటర్ కాలిపోతే పి0135 కోడ్ వస్తుంది, లైటు వెలుగుతుంది. కానీ ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో నడిపి టెస్ట్ సెంటర్‌కి వెళ్లేసరికి వేడి పొగే సెన్సర్‌ను వేడెక్కిస్తుంది, టెస్ట్ పాస్. తప్పు నిజమే, అది పొద్దున మొదటి కొన్ని నిమిషాల పొగలో ఉంది, ఆ సమయంలో కొలిచేవాళ్లు ఎవరూ లేరు. ఇంకో సంగతి: నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ టెస్ట్‌లో కొలవరు. వాటిని పెంచే తప్పు ఉన్నా సర్టిఫికెట్ వచ్చేస్తుంది.

తిరగబడి కూడా జరుగుతుంది. 2008 నాటి బండిలో లైటు లేదు, ప్లగ్గులు అరిగి, ఇంజిన్ ఆయిల్ తాగుతూ టెస్ట్‌లో ఫెయిలవుతుంది. లైటుకీ సర్టిఫికెట్‌కీ మధ్య పొంతన వెతకడం వల్లే సగం అయోమయం.

కోడ్ అంటే పాడైన వస్తువు పేరు కాదు

నా ముగ్గురు మెకానిక్‌లూ ఒకే స్కానర్ ఫలితం చూశారు. పి0171, పి0420 అని రెండు కోడ్‌లు. జవాబులు మూడు ఎందుకొచ్చాయంటే, కోడ్‌ను వాళ్లు వస్తువు పేరుగా చదివారు. కోడ్ చెప్పేది "నాకు ఈ కొలత హద్దు దాటి కనిపించింది" అని మాత్రమే. ఎందుకు దాటిందో దానికి తెలియదు.

పేరులోనే కొంత సమాచారం ఉంది. మొదటి పి అక్షరం ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు గుర్తు. తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో స్థానంలో 1 లేదా 2 ఉంటే గాలి, పెట్రోల్ లెక్క. 3 ఉంటే మంట పడకపోవడం, మనవాళ్ల మాటలో మిస్ కొట్టడం. 4 ఉంటే పొగను శుభ్రం చేసే భాగాల సంగతి.

పి0171 అంటే మిశ్రమం పలచగా ఉంది, గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ముందున్న సెన్సర్ చెబుతుంటే, కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోల్ కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ సవరణనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఎక్కువ రోజులుగా స్థిరపడిన సవరణ లాంగ్ టర్మ్ ట్రిమ్. అది సున్నాకి అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే మామూలే అనుకోవచ్చు, చాలా బండ్లలో 20–25 దగ్గరికి చేరితే లైటు వెలుగుతుంది.

ఈ ఒక్క అంకె వేర్వేరు స్పీడుల్లో ఎలా మారుతుందన్నది స్కానర్‌లో దొరికే అన్నిటికంటే విలువైన సమాచారం అని నా అభిప్రాయం, చాలా షెడ్డుల్లో దాన్ని చూడనే చూడరు. రెండు బండ్లు తీసుకుందాం, రెండింటిలోనూ పి0171.

మొదటి బండి ఐడిల్‌లో ట్రిమ్ +22, ఇంజిన్‌ను 2500 ఆర్పీఎంలో ఉంచితే +5. ఇది ఎక్కడో చిన్న కన్నంలోంచి లెక్కలోకి రాని గాలి దూరుతున్న లక్షణం. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి కన్నం వాటా పెద్దది, రేజ్ చేస్తే అసలు గాలి పెరిగి కన్నం వాటా చిన్నదైపోతుంది. పన్నెండేళ్ల బండిలో రబ్బరు పైపులు ఎండకి బిరుసెక్కి పగలడం మామూలు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బండ్లకి ఎలుకలు కొరకడం ఇంకా మామూలు.

రెండో బండి ఐడిల్‌లో +3, స్పీడులో లోడ్ పడితే +18. ఇక్కడ కన్నం కథ కుదరదు. పెట్రోల్ అడిగినంత అందడం లేదు, అంటే పంప్ నీరసించింది లేదా ఫిల్టర్ మూసుకుంది; లేదా గాలిని కొలిచే సెన్సర్ మురికిపట్టి తక్కువ చెబుతోంది. కోడ్ ఒకటే, వెతకాల్సిన చోట్లు పూర్తిగా వేరు. రెండింటికీ ఆక్సిజన్ సెన్సర్ మారిస్తే డబ్బు పోతుంది, లైటు మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఆ సెన్సర్ ఉన్న సంగతే చెప్పింది.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనేది ఒకటి ఉంటుంది. లైటు వెలిగే పరిస్థితి వచ్చిన క్షణంలో స్పీడు, ఆర్పీఎం, ఇంజిన్ వేడి, ట్రిమ్ ఎంతెంత ఉన్నాయో తీసిన ఫొటో లాంటిది. "కోడ్ కొట్టేస్తా" అన్న మెకానిక్ మంచి మనసుతోనే అన్నాడు, కానీ కోడ్‌తో పాటు ఆ ఫొటో కూడా పోతుంది. చెరిపేసి చూడడాన్ని సమర్థించేవాళ్ల వాదనలోనూ న్యాయం ఉంది: వానలో కనెక్టర్ తడిసి ఒక్కసారి వచ్చిన తప్పైతే మళ్లీ రాదు, వస్తే నిజమని తేలుతుంది. ఆ వాదన నిలబడేది అంకెలు ముందు రాసుకుని చెరిపినప్పుడే.

పి0420: అన్నిటికన్నా ఖరీదైన అపార్థం

కాట్‌కాన్ అంటే కాటలిటిక్ కన్వర్టర్, తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. అది కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ తక్కువ హానికరమైన వాయువులుగా మారుస్తుంది. ఆ లోహాల ధర వల్లే దేశంలో చాలా ఊళ్లలో ఈకో వ్యాన్ల సైలెన్సర్ దొంగతనాలు జరిగాయి, కొన్ని పాత కార్లలో లోపలి దిమ్మ తీసేసి ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసిన సందర్భాలూ ఉన్నాయి.

కంప్యూటర్ దాన్ని నేరుగా కొలవలేదు. ముందు ఒక ఆక్సిజన్ సెన్సర్, వెనక ఒకటి. ముందుది సుమారు 0.1 వోల్ట్ నుంచి 0.9 దాకా గబగబా పైకీ కిందకీ ఊగుతుంది. కాట్‌కాన్ ఆక్సిజన్‌ను కాస్త దాచుకుని వదులుతుంది కాబట్టి, అది బాగుంటే వెనకది 0.6, 0.7 దగ్గర నిదానంగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలైతే పి0420 రాస్తుంది. అంటే ఇది అనుమానం, తీర్పు కాదు.

ఆ ఊపుకి కాట్‌కాన్ ముసలిదైపోవడం ఒక కారణం, లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో బలమైన కారణమే. పైపు జాయింట్‌లోనో, ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డ్ దగ్గరో పొగ లీకై బయటి గాలి లోపలికి పీల్చుకుపోతే ఆ ఆక్సిజన్ సెన్సర్‌లను మోసం చేస్తుంది. వెనక సెన్సర్ తేడా చేసినా ఇదే కోడ్ రావొచ్చు. మెకానిక్ కాట్‌కాన్ మార్చమనడం మోసమే అనుకోనక్కర్లేదు, చాలాసార్లు అదే సరైన జవాబు. కాకపోతే అది పదుల వేల రూపాయల జవాబు, లీకు జవాబు గ్యాస్కెట్ (జాయింట్ మధ్య లీకు కాకుండా పెట్టే సీల్) ఖరీదు. ఇంకొకటి, కాట్‌కాన్ ఊరికే చావదు. ఆయిల్ తాగే ఇంజిన్, మిస్ కొట్టే సిలిండర్ దాన్ని చంపుతాయి. ఆ కారణం అలాగే ఉంచి కొత్తది పెడితే కొత్తదీ అదే దారి పడుతుంది.

కాట్‌కాన్ క్లీనర్ సీసాల మీద వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పైన పేరుకున్న మసి వరకైతే గట్టిగా హైవే మీద నడిపినా, మందు వేసినా కొంత ఉపయోగం ఉందనేవాళ్లు ఉన్నారు. పూత పోయినా, దిమ్మ కరిగినా సీసాలో ఉన్నదేదీ దాన్ని తిరిగి తేలేదు.

లైటు మిణుకుమంటే

అది మిస్ కొట్టడం, అదీ కాట్‌కాన్ పాడయ్యేంత ఎక్కువగా. కాలని పెట్రోల్ వేడి కాట్‌కాన్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి దిమ్మ కరిగిపోతుంది. నిలకడగా వెలిగే లైటుతో ఇంటిదాకా నడిపినా సాధారణంగా పెద్ద నష్టం ఉండదు, మిణుకుమనే లైటుతో ఫ్లైఓవర్ ఎక్కించి లాగడం మాత్రం చాలా ఖరీదైన పని.

పి0300 అంటే ఏదో ఒక సిలిండర్ అని తేలకుండా మిస్, పి0303 అంటే మూడో సిలిండర్. ప్రతి సిలిండర్‌కీ విడి కాయిల్ ఉన్న బండిలో మూడో దాని కాయిల్ తీసి ఒకటో దానికి పెడతారు. కోడ్ పి0301కి మారితే కాయిల్ తప్పు. మూడులోనే ఉండిపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ అని ముందుకెళ్తారు. పైసా ఖర్చు లేని ఇంత మంచి పరీక్ష బండిలో ఇంకోటి లేదు.

ఈ20 వల్లే లైటు వస్తోందా

2025 నాటికి దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది, మొదట పెట్టుకున్న గడువు 2030 అయినా. పాత బండ్ల యజమానుల ఆందోళన మీద 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది: ఈ20కి తగ్గట్టు తయారుకాని బండ్లలో మైలేజీ 3 నుంచి 6 శాతం తగ్గొచ్చు, 20–30 వేల కిలోమీటర్లు వాడాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావొచ్చు, పెద్ద నష్టం మాత్రం లేదు అని. తమ బండిలో అంతకన్నా ఎక్కువ తేడా చూశామనే యజమానులు చాలామంది ఉన్నారు.

లైటు వరకు లెక్క వేసి చూడొచ్చు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, అందుకే కిలోకి దాదాపు 9 కిలోల గాలి చాలు. ఆ లెక్కన పదిశాతం కలిపిన పెట్రోల్‌కి 14.1, ఇరవై శాతానికి 13.5 అవుతుంది. అంటే పది నుంచి ఇరవైకి మారినప్పుడు అదే గాలికి పెట్రోల్ నాలుగున్నర శాతం దాకా ఎక్కువ పోయాలి, ట్రిమ్ అంత పెరుగుతుంది. ట్రిమ్ +3లో ఉన్న బండి +7కో +8కో వెళ్తుంది, లైటు రాదు. చిన్న కన్నంతో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా +17లో నడుస్తున్న బండి +21 దాటి లైటు వెలిగిస్తుంది. ఆ యజమానికి ఈ20 పోసిన వారమే లైటు వచ్చింది, ఆయన చెప్పింది అబద్ధం కాదు. తప్పు అంతకుముందే ఉందన్న మెకానిక్ మాటా అబద్ధం కాదు. పాత రబ్బరు మీద ఇథనాల్ ప్రభావం వేరే సంగతి, అది మెల్లగా జరిగేది, వచ్చిన పగులును చూసి ఎండ వల్లా ఇథనాల్ వల్లా అని విడదీయడం కష్టం.

ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్ బయట వేయించిన బండ్లలో ఈ లెక్క ఇంకా గజిబిజి అవుతుంది. గ్యాస్ మీద నడిచేటప్పుడు ట్యూనింగ్ కుదరకపోతే కంప్యూటర్ ఆ తప్పును పెట్రోల్ ఖాతాలో రాసుకుంటుంది.

డీజిల్ బండ్ల సంగతి క్లుప్తంగా

బీఎస్-4 డీజిల్‌లో ఎక్కువగా కనబడేది పి0401, అంటే కొంత పొగను వెనక్కి పంపే ఈజీఆర్ వాల్వ్ గుండా పొగ తగినంత తిరిగి ఇంజిన్‌లోకి వెళ్లడం లేదు. సిటీ ట్రాఫిక్‌లో మెల్లగా నడిచే బండిలో మసి పేరుకుని వాల్వ్ పట్టేస్తుంది. దానికి రేకు వేసి మూసేయడం చాలా షెడ్డుల్లో అలవాటు, ఇంజిన్ లోపల మసి తగ్గుతుందన్న మాట కొంతవరకు నిజం కూడా. కానీ ఆ భాగం ఉన్నదే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి, మూస్తే అవి పెరుగుతాయి, మన పొగ టెస్ట్‌లో అది కనబడదు.

అమ్మేముందు చెరిపేసిన కోడ్ ఎలా బయటపడుతుంది

ఆర్పేసిన లైటు కొన్ని ఆనవాళ్లు వదులుతుంది. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆ పసుపు బొమ్మ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే మీటర్‌లో ఆ లైటునే పని చేయకుండా చేసి ఉండొచ్చు.

రెండోది రెడీనెస్. కోడ్‌లు చెరిపితే కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి, అవి పూర్తయ్యేదాకా స్కానర్‌లో అసంపూర్తి అని చూపిస్తుంది. కాట్‌కాన్ పరీక్షకి కాసేపు ఒకే స్పీడులో నిలకడగా నడవాలి, మన పంజాగుట్ట, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రోజులు గడిచినా అది పూర్తి కాకపోవచ్చు, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద అరగంటలో అయిపోవచ్చు. బ్యాటరీ మార్చినా చాలా బండ్లలో ఇలాగే అసంపూర్తి అని వస్తుంది, కాబట్టి అది ఒక్కటే చూసి అమ్మేవాళ్లను దొంగ అనలేం. చాలా బండ్లు ఇంకో అంకె కూడా ఇస్తాయి: కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచింది అని. కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ ఉంటే ఇవన్నీ కనబడతాయి.

నా బండిలో ఆ అంకె 96 అని ఉంది. కొన్నప్పటి నుంచి నేను నడిపింది 88. నేను చూడ్డానికి వెళ్లేముందే ఎవరో చెరిపారు.

చివరికి నా బండిలో దొరికింది

ఐడిల్‌లో ట్రిమ్ +21, 2500లో +6. కన్నం లక్షణమే, కానీ గాలి వెళ్లే పైపులన్నీ చూసినా ఎక్కడా పగులు లేదు. నాలుగో మెకానిక్, రాణిగంజ్ వైపు చిన్న షెడ్డు ఆయనది, బండిని రాత్రంతా వదిలి వెళ్లమన్నాడు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చెవి పెట్టి వినమన్నాడు. టిక్ టిక్ అని శబ్దం, నాలుగైదు నిమిషాలకు లోహం వేడెక్కి సాగాక ఆగిపోయింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్. పొగ దెబ్బదెబ్బకీ మధ్యలో బయటి గాలిని లోపలికి పీలుస్తోంది, ఆ ఆక్సిజన్ చూసి ముందు సెన్సర్ మిశ్రమం పలచగా ఉందంటోంది, కంప్యూటర్ అనవసరంగా పెట్రోల్ పోస్తోంది, వెనక సెన్సర్ లెక్కా తప్పుతోంది. రెండు కోడ్‌లకూ కారణం ఒక్కటే. మైలేజీ తక్కువ వస్తున్నదీ అందుకే, నేను మాత్రం దాన్ని బండి వయసు ఖాతాలో వేసేశాను.

గ్యాస్కెట్ మార్చి, కోడ్‌లు చెరిపి, ఆదివారం పొద్దున గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి వచ్చాను. ఐడిల్ ట్రిమ్ +4కి దిగింది. కాట్‌కాన్ పరీక్ష పూర్తయిందని యాప్‌లో చూపించింది, వెనక సెన్సర్ 0.68 దగ్గర కదలకుండా నిలబడింది. మొత్తం మార్చాలన్న ఆ కాట్‌కాన్ ఇప్పటికీ బండిలో అదే.